నాలుగో కాన్పు, ఐదో కాన్పు: తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలంటే ఏం చేయాలి

"ఆవిడకేంటండీ, ముగ్గుర్ని కనేసింది. నొప్పులు మొదలైతే గంటలో అయిపోద్ది." కోనసీమలో గోదారి మధ్య ఉండే ఏ లంకకి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. ధైర్యం చెప్పడానికే అంటారు, కాదనను. కానీ ఆ ధైర్యమే ఇంటికి ముప్పు తెస్తుంది. తొలి కాన్పుకి పుట్టింటివాళ్లు తీసుకెళ్తారు, నెలనెలా చెకప్ చేయిస్తారు, కారు మాట్లాడి ఉంచుతారు. నాలుగోసారికి అదే మనిషి చంకలో పిల్లాడితో ఒక్కతే రేవు దాటి ఆసుపత్రికి వస్తుంది, అదీ ఆరో నెల వచ్చాక.

జాగ్రత్త పెరగాల్సింది ఇప్పుడే. కాన్పులు పెరిగేకొద్దీ గర్భసంచి కండరం సాగి బిగువు తగ్గుతుంది. ఒంట్లో ఇనుము నిల్వలు కరిగిపోతాయి. వయసూ మీద పడుతుంది, దాంతో బీపీ, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఐదు కాన్పులు దాటిన తల్లిని డాక్టర్లు హైరిస్క్ కింద చూసేది అందుకే. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం లేకపోయినా, పాత సిజేరియన్లు ఉన్నా అంతవరకూ ఆగక్కర్లేదు, మూడోసారి నుంచే ఈ జాగ్రత్తలన్నీ మీకు వర్తిస్తాయి.

మన రాష్ట్రంలో ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకునేవాళ్లే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లలు సగటున 1.7 మంది. దాంతో నాలుగోసారి నెల తప్పినావిడ నలుగురూ ఏమంటారోనని బయటికి చెప్పుకోదు, ఆశా కార్యకర్త వచ్చినా దాస్తుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో రాష్ట్రం తీసేసింది, ఎక్కువమందిని కనమనే మాటలూ వినపడుతున్నాయి. ఎందర్ని కనాలన్నది మీ ఇంటి విషయం. కడుపుతో ఉన్న మనిషి దాక్కోవాల్సిన పని మాత్రం లేదు.

ముందు కడుపులన్నీ లెక్క రాయండి

ఎంతమంది పిల్లలని అడిగితే "ఇద్దరండీ" అంటారు. ఎన్నిసార్లు నెల తప్పిందని అడిగితే ఆరు అని తేలుతుంది. రెండు అబార్షన్లు, ఒకటి కడుపులోనే పోయింది, ఒకటి పుట్టాక పోయింది. డాక్టరుకి కావాల్సింది ఈ రెండో లెక్క. ఒక తెల్లకాగితం మీద వరుసగా రాయండి: ఏ ఏడు, మామూలు కాన్పా సిజేరియనా, ఎన్నో నెలలో, బిడ్డ బరువెంత, కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోయిందా, బిడ్డ తర్వాత పడే మాయని చేత్తో తీయాల్సి వచ్చిందా, రక్తం ఎక్కించారా, బిడ్డకి పచ్చకామెర్లు వచ్చాయా. ఒకసారి రక్తం ఎక్కువ పోయినవాళ్లకి మళ్లీ పోయే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క లైను చూసి డాక్టరు మీకు ఎక్కడ కాన్పు చేయాలో నిర్ణయిస్తారు.

ఈ కాగితాన్ని, పాత డిశ్చార్జి చీటీలను తల్లీబిడ్డ కార్డులో పెట్టి ఒకే సంచిలో ఉంచండి. అత్తగారి ముందు పాత అబార్షన్ సంగతి చెప్పలేని పరిస్థితి ఉంటే, ఒంటరిగా మాట్లాడాలని నర్సుని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

మూడో నెల దాటకముందే మొదటి చెకప్

నెల తప్పిందని తెలియగానే పేరు రాయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచీ ఉన్న కార్యక్రమమే. ముప్పు ఎక్కువున్నవాళ్ల కార్డుకి ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. అది చూసి భయపడకండి, నామోషీ అసలే వద్దు. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకి ఒక్క చూపులో మీ సంగతి చెప్పేది ఆ స్టిక్కరే.

అడిగి చేయించుకోవాల్సినవి ఇవి: హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, బీపీ, మూత్రంలో ప్రొటీన్, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి. షుగర్‌కి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 తగిలితే గర్భం వల్ల వచ్చిన షుగర్ కింద లెక్క. మొదటిసారి బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించాలి.

బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయి భర్తది పాజిటివ్ అయితే ఈ పేరా రెండుసార్లు చదవండి. మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు. ఆ కాన్పులోనో, అబార్షన్‌లోనో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒంట్లో దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారవుతాయి. తర్వాతి బిడ్డల రక్తకణాలను అవే విరగ్గొడతాయి. బిడ్డ రక్తహీనతతో, తీవ్రమైన పచ్చకామెర్లతో పుట్టొచ్చు, కడుపులోనే పోవచ్చు కూడా. దీన్ని ఆపడానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది: ఏడో నెలలో 28 వారాలకి ఒకటి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు ఇంకొకటి. అబార్షన్ అయినా వేయించాలి. నాలుగైదుసార్లు కడుపు నిలిచినవాళ్లు ముందుగా యాంటీబాడీల పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అవి ఒకసారి తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు.

తల్లి వయసు 35 దాటితే బిడ్డకి డౌన్ సిండ్రోమ్ లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. 11 నుంచి 13 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీరు కొలిచే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తప్పించకండి.

రక్తం పెంచుకోవడం ఐదో నెల నుంచి కాదు, ఇవాళ్టి నుంచి

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా అంతకన్నా తక్కువతో ఉన్నారు. వెంటవెంటనే కన్న తల్లికి ఇంకా తక్కువ ఉంటుంది, ఎందుకంటే పోయిన కాన్పులో పోయిన ఇనుము తిరిగి చేరకముందే మళ్లీ కడుపు నిలిచింది. 11 ఉన్న మనిషి తట్టుకోగలిగిన రక్తస్రావం 7 ఉన్న మనిషి ప్రాణం తీయగలదు. బిడ్డ బరువు తక్కువ పుట్టడానికి, నెలలు నిండకుండా పుట్టడానికి కూడా ఈ రక్తహీనతే ఒక కారణం.

ఐరన్ బిళ్లలు ఇస్తారు, ఇంటికి తెస్తారు. తర్వాత ఇంట్లో చూడండి, స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా బియ్యం డబ్బా మీదో, టీవీ వెనకో అలాగే ఉంటాయి. వికారంగా ఉందని ఒకరు, మలం నల్లగా వస్తోందని ఒకరు, బిడ్డ నల్లగా పుడతాడని ఇంకొకరు ఆపేస్తారు. మలం నల్లబడటం మామూలే, బిడ్డ రంగుకీ బిళ్లకీ సంబంధం లేదు. వికారంగా ఉంటే రాత్రి భోజనం అయ్యాక, పడుకునే ముందు వేసుకోండి. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ బిళ్ల 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. ఈ రెండో 180 రోజుల్ని దాదాపు అందరూ మర్చిపోతారు. కాల్షియం బిళ్ల విడిగా, ఐరన్‌కి కనీసం రెండు గంటల ఎడంగా వేసుకోవాలి, కలిపి వేసుకుంటే ఇనుము ఒంటబట్టదు. అన్నం తినగానే టీ తాగినా అంతే, ఒక గంట ఆగండి. నాలుగో నెలలో నులిపురుగుల బిళ్ల అడగండి.

డబ్బు పెట్టి పళ్ల రసాలు, పొడి డబ్బాలు కొననక్కర్లేదు. చేప, ఎండుచేప, గుడ్డు, మేక కాలేయం, తోటకూర, పొన్నగంటికూర, నువ్వులుండ, వేరుశనగ మన చేతికందేవే. ఆకుకూర తిన్నప్పుడు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఇంట్లో ఆఖరున తినేది ఆవిడే అయితే ఇవన్నీ వండినా లాభం లేదు. చేప ముక్కలు మగవాళ్లకీ పిల్లలకీ వెళ్లి, ఆవిడ కంచంలోకి పులుసు మాత్రమే వస్తుంది. అత్తగారూ, మామగారూ, ఈ తొమ్మిది నెలలూ కోడలి కంచం ముందు పెట్టించండి.

నాలుగు వారాలు బిళ్లలు వేసుకున్నా పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించమని అడగండి, నాలుగో నెల దాటాక ఎక్కిస్తారు. 7 కన్నా తగ్గితే ఆసుపత్రిలో చేరాలి, ఇంటి దగ్గర సరిచేసే పని కాదది.

మాయ ఎక్కడుందో, బిడ్డ ఎలా ఉందో కనుక్కోండి

కాన్పులు ఎక్కువైనవాళ్లకి మాయ కిందికి, గర్భసంచి ముఖద్వారం మీదికి రావొచ్చు. పాత సిజేరియన్ కుట్టు మీద అతుక్కుని లోపలికి చొచ్చుకుపోవచ్చు కూడా, సిజేరియన్లు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. అలాంటప్పుడు కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి, రక్తం బాటిళ్లు పక్కన పెట్టుకుని. స్కాన్ చేసిన డాక్టరుని "మాయ ఎక్కడుందండీ, పాత కుట్టు మీద ఉందా" అని సూటిగా అడగండి. నొప్పి లేకుండా ఎర్రగా రక్తం కనపడితే చుక్కే కదా అని ఊరుకోకండి, అదే రోజు వెళ్లాలి. ఆ రక్తస్రావంలో లోపల చెయ్యి పెట్టి చూడనివ్వకండి, ముందు స్కాన్ జరగాలి.

పొట్ట కండరాలు వదులైనవాళ్లకి బిడ్డ తొమ్మిదో నెలలో కూడా అడ్డం తిరుగుతుంది. పోయిన వారం తల కిందికి ఉందన్నారని నిశ్చింతగా ఉండొద్దు. 36వ వారం నుంచి వారం వారం చూపించుకోండి. బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు బయటికి జారొచ్చు. అది నిమిషాలతో పని. తల్లిని నడవనివ్వకుండా, నడుము కింద దిండ్లు పెట్టి ఎత్తుగా పడుకోబెట్టి బయల్దేరండి.

కాన్పు తేదీని వరదతో సరిచూసుకోండి

ఆఖరి నెలసరి మొదటి రోజుకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలపండి. ఆ నెలసరి అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చి ఉంటే కాన్పు జూలై, సెప్టెంబరు మధ్య పడుతుంది. అంటే గోదారి వరద రోజుల్లో. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు. ముక్తేశ్వరం, కోటిపల్లి లాంటి రేవుల్లో జనాన్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు ఆపేస్తారు.

అందుకని లంకల్లో ఉండేవాళ్లు, వరద కాలమైతే, కాన్పు తేదీకి రెండు మూడు వారాల ముందే ఏటిగట్టు ఇవతలికి వచ్చేయండి. చుట్టాలింట్లో ఉండొచ్చు, డాక్టరు సరేనంటే ఆసుపత్రిలోనే చేరొచ్చు. మొదటి హెచ్చరిక వినపడ్డాక సామాను సర్దుకోవడం ఆలస్యమే. వరద లేని రోజుల్లో కూడా వారం ముందు రావడం మంచిది. తొలి కాన్పుకి నొప్పులు పన్నెండు గంటలు పట్టినా, ఐదో కాన్పు రెండు మూడు గంటల్లో అయిపోవచ్చు. దారిలో పుట్టిన బిడ్డకి చలి, తల్లికి రక్తస్రావం, చూసేవాళ్లు ఉండరు.

ఏ ఆసుపత్రన్నది ఏడో నెలలోనే తేల్చుకోండి. దగ్గర్లోని పీహెచ్‌సీ చెకప్‌లకి చాలు, కానీ మీ కాన్పుకి మాత్రం ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం మూడూ రాత్రిపూట కూడా ఉండేచోటు కావాలి. అమలాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ ప్రభుత్వాసుపత్రుల్లో మీ కేసు దేనికి రాస్తారో డాక్టరునే అడగండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, ఇంటికి తిరిగి దింపడం 2011 నుంచి ఉచితం.

తర్వాత ఈ పనులు: మీ గ్రూపు రక్తమే ఉన్న ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడి పెట్టుకోండి. 108, ఆశా, పడవతను, ఆటో ఉన్న పక్కింటాయన, ఈ నంబర్లు గోడ మీద పెద్దగా రాయండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, అర్ధరాత్రి ఛార్జింగ్ లేకపోతే ఏం చేస్తారు? పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారో ఖాయం చేసుకోండి. పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో తేలక, నొప్పులు ఓర్చుకుంటూ తెల్లారేదాకా ఇంట్లోనే ఉండిపోయే తల్లులున్నారు.

నొప్పుల ఇంజెక్షన్ ఇంట్లో వేయించుకోవద్దు

ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి నొప్పులు పెరగడానికి ఇంజెక్షన్ వేస్తానంటే ఒప్పుకోకండి. చాలా కాన్పులైన గర్భసంచి మీద ఆ మందు గట్టిగా పనిచేస్తే గర్భసంచి చిట్లిపోవచ్చు, పాత సిజేరియన్ ఉంటే మరీను. అలా చిట్లితే బిడ్డ బతకడం కష్టం, తల్లికి గంటల్లో ఆపరేషన్ జరగాలి. అదే మందు ఆసుపత్రిలో చుక్కల లెక్కన, బిడ్డ గుండె వింటూ ఇస్తారు. పొట్ట మీద చేతులేసి కిందికి నొక్కడం కూడా వద్దే వద్దు.

బిడ్డ పుట్టాక మొదటి 24 గంటలు

అందరూ బిడ్డని చూసుకునే ఈ సమయంలోనే తల్లి చేజారుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం అందుతుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకుని ఆ రక్తనాళాలను నొక్కేయాలి. సాగిపోయిన గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు. అందుకే ఎక్కువ కాన్పులైనవాళ్లకి రక్తస్రావం భయం ఎక్కువ. అర లీటరు దాటితే ప్రమాదం కింద లెక్క, రక్తహీనత ఉన్న తల్లికి అంతకన్నా తక్కువైనా చాలు.

బిడ్డ పుట్టగానే తల్లికి గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేశారా అని అడగండి. నర్సు దగ్గర గర్భసంచి ఎక్కడుందో చూపించమని అడిగి చెయ్యి పెట్టి చూడండి. బొడ్డు దగ్గర పీచు తీసిన కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే నర్సుని పిలవండి, వచ్చేలోపు ఆ చోట గుండ్రంగా రుద్దుతూ ఉండండి. తల్లిని మూత్రానికి వెళ్లమనండి, నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. గంటలోపు బిడ్డని రొమ్ముకి పెట్టండి, పాలు తాగుతుంటే గర్భసంచి ముడుచుకుంటుంది. అప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది, కాన్పులు పెరిగేకొద్దీ ఆ నొప్పి ఎక్కువ. అది మంచిదే, మామూలు నొప్పి బిళ్ల ఇస్తారు.

గంటలోపే ప్యాడ్ మొత్తం తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా, చెమటలు పట్టి చేతులు చల్లబడుతున్నా, కళ్లు తిరుగుతున్నా "చెడు రక్తం పోనీలే" అనకండి. కాన్పులో పోయేది మంచి రక్తమే. కేకేయండి. తల్లి పక్కన ఆ రాత్రంతా మెలకువగా ఒక మనిషి ఉండాలి, దుప్పటి తీసి చూసే మనిషి. బిడ్డని ఎత్తుకోవడానికి వేరే మనిషి.

బిడ్డకి

2.5 కిలోల కన్నా తక్కువ ఉంటే, నెలలు నిండకుండా పుడితే, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని పైన గుడ్డ చుట్టండి. తండ్రి, నాయనమ్మ కూడా అలా పెట్టుకోవచ్చు. మొదటి రోజే స్నానం వద్దు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం నాకించొద్దు, మొదటి పసుపు పాలు పిండి పారబోయొద్దు. బొడ్డు మీద పసుపు, బూడిద ఏమీ రాయకుండా పొడిగా వదిలేయండి. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకి రక్తంలో చక్కెర పడిపోవచ్చు, పరీక్ష అడగండి.

పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు అరికాళ్ల దాకా పసుపు పాకినా వెంటనే ఆసుపత్రికి. ముందు పిల్లలకీ ఇలాగే అయి తగ్గిపోయిందన్న మాట ఇక్కడ పనికిరాదు.

బాలింత ఆరు వారాలు

పథ్యం పేరుతో నీళ్లు తక్కువ ఇవ్వడం, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం మానేయాలి. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. పాలసొర చేప వండి పెట్టే మన అలవాటు మంచిదే, దానితో పాటు పప్పు, గుడ్డు, కూరలన్నీ పెట్టండి. చెవుల్లో దూది, తలకి గుడ్డ మీ ఇష్టం. రోజంతా మంచం మీదే ఉంచడం మాత్రం వద్దు, లేచి నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

బీపీ కాన్పు తర్వాత కూడా పెరగొచ్చు: విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి దాని గుర్తులు. దుర్వాసనతో స్రావం, చలిజ్వరం ఉంటే లోపల ఇన్ఫెక్షన్. ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది, ఇవన్నీ ఆవిడకి చెప్పండి. ఏదో కిందికి జారినట్టుందన్నా, దగ్గితే మూత్రం పడుతోందన్నా సిగ్గుపడి దాచుకునేవాళ్లే ఎక్కువ. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజుకి మూడు పూటలా చేయండి, మూడు నెలలు బరువులెత్తకండి, బిందెలు ఆయనే తెస్తారు. ఊరికే ఏడుపొస్తోందన్నా, బిడ్డ మీద మనసు లేదన్నా అదీ కాన్పుతో వచ్చే జబ్బే, వైద్యం ఉంది.

ఇంకో గర్భం గురించిన మాట ఎనిమిదో నెలలోనే

కాన్పయ్యాక చూద్దాం అనుకుంటే మళ్లీ నెల తప్పాకే గుర్తొస్తుంది. ఇంకా కావాలనుకుంటే ఈ కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు, అబార్షన్ అయితే ఆరు నెలలు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కొడుకు కోసమే ఇంకో కాన్పు అంటే మాత్రం ఒప్పుకోలేను. ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే కణంతోనే, ఆవిడ ఒళ్లు హూనం చేసుకున్నంత మాత్రాన మారదు.

కాపర్-టి కాన్పయిన 48 గంటల్లో పెట్టించుకోవచ్చు, ఆసుపత్రి నుంచి రాకముందే అయిపోతుంది. గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షన్ పాలిచ్చే తల్లులకి ఆరు వారాల తర్వాత. పాలిస్తుంటే నెల తప్పదన్న నమ్మకం ఆరు నెలల్లోపు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, నెలసరి మొదలవకుండా ఉంటేనే నిజం. వద్దనుకున్న గర్భం వస్తే మెడికల్ షాపు బిళ్లలు మింగకండి, పాత సిజేరియన్ కుట్టున్న గర్భసంచితో అది చాలా ప్రమాదం. ప్రభుత్వాసుపత్రిలో చట్టప్రకారం చేస్తారు, పద్దెనిమిదేళ్లు నిండినావిడకి భర్త సంతకం అక్కర్లేదు.

ఇక చాలనుకుంటే ఆడవాళ్ల ఆపరేషన్ కాన్పయిన ఏడు రోజుల్లోపు చేస్తారు. నాలుగైదు కాన్పులతో, రక్తహీనతతో ఉన్న మనిషిని మళ్లీ బల్ల ఎక్కించే ముందు భర్త వేసెక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్ గురించి ఆలోచించాలి. కోత, కుట్టు లేకుండా చేస్తారు, అదే రోజు ఇంటికి రావొచ్చు, మగతనానికి ఏ లోటూ రాదు. బరువు పనికి మాత్రం వారం ఆగాలి. మూడు నెలల పాటు కండోమ్ వాడి, ఆ తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే అది మానేయాలి.